రైలు రాని ఊళ్లో తాత ముఖం

మా తాత వీపు మా వంశంలో అందరికీ తెలుసు. ముఖం మాత్రం ఎవరికీ తెలియదు.

నేను చెప్పేదాంట్లో సగం కొట్టేసి, మిగిలిన సగంలో మళ్లీ సగం నమ్మమని మా ఆయన పెళ్లైన కొత్తలోనే చుట్టాలందరికీ చెప్పిపెట్టాడు. ఈ ఒక్క మాటను మాత్రం కోతల్లేకుండా నమ్మండి. మా తాత దేవసహాయం కాజీపేటలో గూడ్సు బండి గార్డు. ఆయన ఫొటోలు మా వాళ్ల దగ్గర మూడున్నాయి. మూడింటిలోనూ నానమ్మ, పిల్లలు, చుట్టాలు బుద్ధిగా మనవైపే చూస్తుంటారు. తాత మాత్రం వెనక్కి తిరిగి ఉంటాడు. ఒకదాంట్లో వీపు, ఒకదాంట్లో వీపుతో పాటు ఎడమ చెవి, మూడోదాంట్లో పొగలాంటి మసక. ఆ చెవిని చూసే మేమంతా పెరిగాం. తాత గుర్తొస్తే మాకు చెవే గుర్తొస్తుంది.

నేను పుట్టి పెరిగింది బెజవాడలో. నాన్నకు అక్కడి రైల్వేలో ఉద్యోగమొచ్చి కాజీపేట వదిలేశాడు. తాత పోయేనాటికి నాన్న పాలు తాగే పిల్లవాడు. ఇప్పుడు తాత ముఖాన్ని కళ్లారా చూసిన మనిషి ఈ భూమ్మీద ఒక్కతే మిగిలింది, ములుగులో ఉండే మా మేనత్త సుగుణమ్మ. ఆమెకు ఎనభై దాటాయి. తండ్రి పోయినప్పుడు పదేళ్ల పిల్ల.

ఈ ఎండాకాలం ఒకనాడు ఆమె కోడలు లిల్లీ ఫోన్ చేసింది.

"అక్కా, అత్తమ్మకు కంటి ఆపరేషన్ మంచిగైంది. పట్టీ సుత ఇప్పిండ్రు. కానీ కన్ను తెరుస్తలేదు."

"నొప్పా?"

"నొప్పి లేదు, ఏం లేదు. మొదలు చూస్తే మా నాయిన ముఖమే చూస్త, అప్పటిదాంక తెరువ అని మూసుకొని కూసున్నది. ఇడ్లీ సుత గట్లనే తింటాంది."

"మరి మందు చుక్కలెట్లా వేస్తున్నావు?"

"చుక్కలేసేటప్పుడు తెరుస్తది. స్లాబు దిక్కు చూసి మల్ల మూస్తది. స్లాబు లెక్కలకు రాదంట."

రెండో కన్ను ఎప్పుడో మసకబారింది, దాన్ని ఆమె లెక్కలోంచి ఎన్నడో తీసేసింది. ఇంతలో అత్త ఫోన్ లాక్కుంది.

"ఏమే పోరీ. నాయిన ముఖం యాదికొస్తలేదే. మొన్నటిదాంక కండ్లు మూసుకుంటే కనవడేది. ఇప్పుడు టోపీ కనవడ్తాంది, కోటు గుండీలు కనవడ్తన్నయ్, నడుమ ఖాళీ. ఒక్కసారి చూస్తే మల్ల యాదికొస్తదేమో. ఏడనన్నా ఒక ఫొటో ఉండకపోతదా."

"ఉంది అత్తా. ఎక్కడుందో నాకు తెలుసు" అన్నాను.

నాకు తెలియదు. కానీ ఆ ఖాళీ అన్న మాట విన్నాక నా నోరు నన్నడగకుండానే ఆ పని చేసేసింది. నోరు చేసిన పనికి కాళ్లు శిక్ష అనుభవించాలి కదా, మర్నాడే బండెక్కాను.

కాజీపేట: తల తిప్పే జబ్బు

కాజీపేటలో దిగేసరికి ఎండ ఎట్లా ఉందంటే, నా వెనకాలే వచ్చిన నీడ ప్లాట్‌ఫామ్ మీద నడవలేక వెయిటింగ్ హాల్లోకి వెళ్లి కూర్చుంది. బెజవాడ ఎండ మనల్ని ఉడకబెడుతుంది, ఇక్కడి ఎండ పెనం మీద వేయిస్తుంది. రెండూ తిన్న అనుభవంతో చెబుతున్నాను.

మా పెదనాన్న కొడుకు సామ్యేలు అన్న పట్టాల పక్కనే ఇల్లు కట్టుకున్నాడు. ఇంజన్ డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. మా బెజవాడలో ఇంటికెవరైనా వస్తే కాఫీ తాగుతారా అని అడుగుతాం. వద్దండీ అంటారు. బలవంతం చేస్తాం. అప్పుడు తాగుతారు. ఇక్కడ ఆ నాటకం లేదు, చెప్పులు విప్పేలోపే చాయ్ చేతిలో ఉంది. పక్కన సకినాలు. ఒకటి కొరికితే వచ్చిన చప్పుడుకు పక్కింటి కుక్క లేచి మొరిగింది.

తాత ఎందుకు తిరిగి ఉన్నాడో నేను ఇన్నేళ్లూ రకరకాలుగా చెబుతూ వచ్చాను. తెల్లదొర ఫొటో తీశాడని అలిగాడనీ, దొంగ ఎవరో కోడిని ఎత్తుకుపోతుంటే చూశాడనీ. అసలు సంగతి అన్న చెప్పాడు.

"ఫొటో దుకాణం స్టేషన్ ముంగటనే ఉండె. తాత కూసుంటడు. ఫొటో ఆయన నల్లబట్టల తల వెడ్తడు. గప్పుడే బండొస్తది. దాటే బండిని…"

అని ఆగిపోయాడు. కిటికీ అవతల గూడ్సు బండి వస్తోంది. అన్న గ్లాసు కింద పెట్టి లేచి నాకు వీపు చేసి నిలబడ్డాడు. కుడిచెయ్యి సగం లేచింది. నలభై యాభై పెట్టెలు గడగడా పోయి చివరి పెట్టె కూడా కనుమరుగయ్యేదాకా కదల్లేదు. ఆ తర్వాత కూర్చుని మాటను ఎక్కడ వదిలాడో అక్కడే అందుకున్నాడు.

"…చూడకుంట ఇడువద్దు. ఇరుసు కాలుతాందా, తలుపు వేలాడ్తాందా చూసి, అంత మంచిగుంటే చెయ్యి లేపాలె. డ్యూటీల ఉన్నా లేకున్నా."

"నువ్వు రిటైరయ్యావు కదన్నా."

"బండికి ఎర్కనా?"

అదీ సంగతి. ఫొటో తీసే క్షణం కోసం అందరూ ఊపిరి బిగబట్టి కూర్చుంటే, తాత బండికి మర్యాద చేశాడు. మూడుసార్లు ఫొటో దిగితే మూడుసార్లూ బండి వచ్చింది. జంక్షన్ పక్కన దుకాణం పెట్టుకున్నవాడు ఆ మాత్రం ఊహించవద్దూ.

అప్పుడు నాకు బుర్రలో దీపం వెలిగింది. "అన్నా, పట్టాల్లేని చోట ఎక్కడైనా ఫొటో దిగి ఉంటే?"

అన్న సకినం నోట్లో పెట్టుకుని ఆలోచించాడు. "ధర్మసాగర్. రెస్టు దినాన సైకిలేసుకొని చేపలు పట్టనీకి ఆడికే పోయేటోడని మా నాయిన చెప్పేటోడు. అత్తను సుత ముంగట కూసోవెట్టుకొని పోయేటోడట. కొమురయ్య అని ఒక దోస్తు ఉండెనంట."

హనుమకొండ: చెవి నుంచి ముఖం దాకా

ధర్మసాగర్లో ఏదీ దొరకకపోతే? నాలాంటిది ఖాళీ చేతులతో ఎక్కడికీ వెళ్లదు. చెవి ఉన్న ఫొటో పట్టుకుని హనుమకొండలో ఒక స్టూడియోకు వెళ్లాను. అక్కడి కుర్రాయన దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించి గడ్డం గోక్కున్నాడు.

"చెవి ఒక్కటే ఉన్నది కద అక్కా. ముఖం ఎవల తీరుండాలె?"

ఫోన్లో సామ్యేలు అన్న ఫొటో చూపించాను. కంప్యూటర్ అన్న ముఖాన్ని, తాత చెవిని కలిపి రుబ్బింది. వయసు తగ్గించింది.

"మీసాలు పెట్టాల్నా?"

"పెట్టు."

"మెలేసి పెట్టాల్నా, గట్లనే పెట్టాల్నా?"

"మెలేసే పెట్టు. గార్డు కదా."

బయటికొచ్చిన మనిషి ఎంత అందంగా ఉన్నాడంటే నాకే సిగ్గేసింది. చెంపలు పింగాణీ పళ్లెంలా మెరుస్తున్నాయి. తాత ఎన్నడూ వేసుకోని టై కూడా వచ్చింది. రెండు వందలిచ్చి, కాగితం కవర్లో పెట్టించుకుని సంచీ అడుగున దాచాను. అత్తకు చూపించాలని కాదు. చూపించకూడదని కూడా కాదు.

ధర్మసాగర్: నాలుగు బొట్లు

ఆటో డ్రైవర్‌ను కొమురయ్య ఇల్లు తెలుసా అని అడిగితే నవ్వాడు.

"ఏ కొమురయ్య? మా ఊర్ల రాయి ఇసిరితే కొమురయ్యకే తాకుతది."

"రైలు గార్డుతో చేపలు పట్టిన కొమురయ్య. నా వయసు కంటే పాత కొమురయ్య."

అతను దించిన మొదటి ఇల్లు తప్పిల్లు. అది తెలిసేలోపు నేను అక్కడ జొన్నరొట్టె, చేపల పులుసు కడుపునిండా తిన్నాను. ఆ ఇంటావిడ నేను చెయ్యి కడుక్కున్నాక నింపాదిగా చెప్పింది, వాళ్ల కొమురయ్యకు నీళ్లంటే భయమనీ, జన్మలో చెరువు ముఖం చూడలేదనీ.

"మరి ముందే చెప్పొచ్చు కదమ్మా."

"ముందే చెప్తె తినకపోతుంటివి."

మా వైపు చుట్టరికం తేలాకే విస్తరి వేస్తాం. ఇక్కడ విస్తరి వేశాక చుట్టరికం తేలుస్తారు. పులుసు గురించి చెప్పాలంటే, చింతపులుపుకు నా ఎడమ కన్ను సాయంత్రం దాకా కొడుతూనే ఉంది.

ఆవిడే చెయ్యి పట్టుకుని రెండో వీధిలో రాజవ్వ ఇంటికి తీసుకెళ్లింది. రాజవ్వకు డెబ్బై దాకా ఉంటాయి. మా తాత స్నేహితుడు కొమురయ్యకు కోడలు. నేను గార్డు మనవరాలినని చెప్పగానే కూర్చోమనలేదు, లోపలికి లాక్కెళ్లి గోడ చూపించింది. దేవుళ్ల పటాల వరసలో చివరన, చెక్క ఫ్రేములో, చింతగింజ రంగు తిరిగిన ఒక పాత ఫొటో. బల్ల మీద నలుగురు మగాళ్లు వరసగా కూర్చున్నారు. నలుగురూ ఇటే తిరిగి ఉన్నారు. అద్దం మీద నలుగురి నుదుటా దట్టంగా కుంకుమ బొట్లు.

"మా ఆడబిడ్డ లగ్గం నాడు పట్నం నుంచి ఫొటో ఆయనను పిలిపిచ్చి తీసిన్రట. గార్డు సుత అండ్లనే ఉన్నడని మా ఇంటాయన చెప్పేటోడు."

నేను పటానికి ముక్కు ఆనించాను. "ఇందులో ఎవరు?"

"నాకేం ఎర్క? గార్డు సంగతి ఇడువు. మా మామ ఎవలో సుత నాకు తెల్వది. నేను కాపురానికి రాకముందే పోయిండు. మా ఇంటాయనకు ఎర్కుండె. ఆయన ఉన్నన్నొద్దులు అడుగుదామని తోచలె. పోయినంక ఎవల్ని అడగాలె?"

"మరి బొట్లు నలుగురికీ ఉన్నాయే."

"నలుగుర్ల ఒకలు మా మామ. అందరికి పెడ్తె ఆయనకు సుత అందుతది కద" అంది రాజవ్వ, ఇంత చిన్న లెక్క కూడా రాదా అన్నట్టు చూస్తూ. "పెద్దలకు వెట్టే పెత్రమాసకు, పండుగకు నలుగురికి పెడ్త. ముగ్గురు ఎవలోగని, పుణ్యానికి తింటాన్రు."

అంటే కాజీపేట చర్చిలో బాప్తిస్మం పుచ్చుకున్న మా తాత ఇన్నేళ్లుగా ధర్మసాగర్లో ఏటేటా బొట్టు పెట్టించుకుంటున్నాడన్నమాట.

ఇద్దరం పటం ముందు నిలబడి మొగుళ్లను ఎంచుకునే పెళ్లికూతుళ్లలా వాదించుకున్నాం. మొదటివాడు మెలేసిన మీసాలతో మహారాజులా ఉన్నాడు. రెండోవాడు నెరిసిన ముసలాయన. మూడోవాడు ఫొటో అని కూడా చూడకుండా నోరు తెరిచి ఆవులిస్తున్నాడు. నాలుగోవాడు తువ్వాలు నోట్లో కుక్కుకుని ఏడుస్తున్నాడు. మీసాలాయన మా తాతేనని నేను. కాదు, ఆయనే మా మామ అని ఆమె. సామ్యేలు అన్నకు ఫోన్లో పంపితే ఆయన కూడా మీసాలవైపే. ఆవులించేవాడిని, ఏడ్చేవాడిని మాలో ఎవరమూ తీసుకోలేదు.

ఫోన్లో ఫొటో చాలు అన్నాను. రాజవ్వ ఒప్పుకోలేదు. "గా ముసలామెకు ఫోన్ల ఏం కనవడ్తది? పటమే తీస్కపో. పెత్రమాస వరకు మల్ల ఇంట్ల ఉండాలె. మా మామ ఎవలో సుత అడుగు."

ఒక్క చిక్కుంది. మా సుగుణత్త ములుగు చర్చిలో స్త్రీల సమాజానికి పెద్ద. బొట్టు సంగతిలో ఆమె ఎంత గట్టిదంటే, ఎవరో పెళ్లి కార్డు మూలన పసుపు పూసిస్తే కడిగి ఆరేసి చదివింది. అందుకే మెల్లగా అడిగాను. "రాజవ్వా, అద్దం కాస్త తుడుద్దామా?"

"ఇంట్లకెల్లి పోయేటోళ్లను ఉత్త ముఖంతోని పంపుతరా?" అని లోపలికెళ్లి భరిణె తెచ్చి, పాత బొట్ల మీద కొత్త బొట్లు పెట్టింది. తుడవమన్నందుకు నా నుదుటా ఒకటి పెట్టింది.

ములుగు బస్సు: నలుగురు దేవుళ్లు

మర్నాడు హనుమకొండలో బస్సెక్కాను. పటాన్ని ఒళ్లో నిలబెట్టుకున్నాను. పక్క సీట్లో ఇప్పపువ్వు మూట పెట్టుకున్న ఒక పెద్దమ్మ పటం వైపు, నా నుదుట ఇంకా చెరగని రాజవ్వ బొట్టు వైపు మార్చి మార్చి చూసి చెప్పులు విప్పింది.

"ఏ దేవుండ్లు బిడ్డా?"

మా తాత, ఆయన దోస్తులు అని చెప్పడమే న్యాయం. కానీ ఎదురుగా అంత భక్తి కనపడితే నోరు ఊరుకుంటుందా.

"చెరువు దేవుళ్లమ్మా. నలుగురన్నదమ్ములు. మీసాలాయన వల పట్టుకుంటాడు, ముసలాయన నీళ్లను ఆపుతాడు, నోరు తెరిచిన ఆయన చేపలను పిలుస్తాడు."

"గా ఏడ్చేటాయన?"

"ఆయన చేపల తరఫు."

ఆమె దణ్ణం పెట్టి, పటం మీద పది రూపాయల నోటు పెట్టింది. మల్లంపల్లిలో ఆమె దిగిపోయాక గానీ నోటు తిరిగివ్వాలని నాకు తోచలేదు. ఆ తర్వాత రోడ్డుకు రెండు వైపులా చెట్లు దగ్గరపడ్డాయి. గాలి చల్లబడింది. అప్పటిదాకా పండగలా సాగిన ప్రయాణంలో మొదటిసారి భయమేసింది. అత్త చూసి, నలుగురిలో ఎవరినీ గుర్తుపట్టకపోతే? అప్పుడా ఖాళీ ఇక ఎన్నటికీ ఖాళీయే. సంచీ అడుగున మెరిసే చెంపలాయన ఉన్నాడని నాకు నేనే ధైర్యం చెప్పుకున్నాను. ధైర్యం రాలేదు.

ములుగు: లెక్కలోకి రాని చూపులు

నా బొట్టు తుడుచుకుని, పటాన్ని కాగితం కవర్లో చుట్టి సంచీలో పెట్టుకుని వెళ్లేసరికి అత్త వరండాలో నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, లోపల కన్ను మూసుకుని, ఒళ్లో చాటతో చింతచిగురు ఏరుతోంది. పుల్లలు ఒకవైపు, ఆకులు ఒకవైపు, తడుముడే తప్ప తప్పు లేదు.

"వచ్చినవానే. అడుగుల చప్పుడు బరువైంది, లావైనట్టున్నవు."

మా వైపు మేనత్తను అత్తయ్యగారూ అంటాం, ఆవిడ మనల్ని అమ్మాయీ అంటుంది. ఇద్దరూ నాలుగు మాటలాడుకుని అలిసిపోతారు. ఇక్కడ అత్తను నువ్వు అనొచ్చు, ఆవిడ మనల్ని ఏమైనా అనొచ్చు. హాయి.

లిల్లీ చాట తీసి పక్కన పెట్టింది. అద్దాలు తీసింది. నేను కంగారులో సంచీలో చెయ్యి పెట్టి, తగిలిన మొదటి కవరు లాగి ఆమె ముందు పట్టుకున్నాను. "చూడత్తా."

అత్త కన్ను తెరిచింది. నేను అప్పుడు చూశాను, నా చేతిలో ఏముందో. టై కట్టుకున్న మెరిసే చెంపలు.

అత్త చాలాసేపు చూసింది. "ఎవడే వీడు? సీరియల్ల పోలీసోని తీరున్నడు."

ఇన్నాళ్లు దాచుకున్న మొదటి చూపు కంప్యూటర్ పాలైంది. లిల్లీ నన్ను చింతచిగురు పుల్లను చూసినట్టు చూసింది. అత్త మాత్రం తొణక్కుండా కన్ను మళ్లీ మూసుకుంది.

"వీడు సుత స్లాబే. లెక్కల లేడు. అసలుది తియ్యి."

పటం తీసి ఒళ్లో పెట్టాను. "నలుగురున్నారత్తా, అందులో…"

"చెప్పకు."

తెరిచింది. బొట్లను చూసి కనుబొమలు ముడిచింది. వేలు మీసాలాయన మీద ఆగింది. వేలు దాటిపోయింది. ముసలాయన్నీ దాటింది. ఆవులించేవాడి దగ్గర ఆగింది. అక్కడే ఉంది. అత్త భుజాలు కదలడం మొదలుపెట్టాయి. ఏడుస్తోందనుకుని నేను వంగి చూశాను. నవ్వుతోంది.

"ఏం చెప్తాండో చూడే."

"ఆవులిస్తున్నాడు కదత్తా."

"ఆవులింతనా? కథ చెప్తాండు. గింత పెద్ద చేప తప్పిచ్చుకపోయిందని చెప్పేటప్పుడు నాయిన నోరు గట్లనే ఎడమకు పోయేది. ఫొటో తీసేటప్పుడు సుత ఆపలె చూడు." పటాన్ని ముఖానికి దగ్గరగా తెచ్చుకుంది. "నీ నోరు సుత గట్లనే పోతదే. యాడున్నదో నాకు ఎర్కే అని మొన్న ఫోన్ల చెప్పినప్పుడు పోయే ఉంటది."

అప్పుడు నిజంగానే కన్నీళ్లు వచ్చాయి ఆమెకు. "కండ్లల్ల నీళ్లు తేవద్దని చెప్పిండ్రు అత్తమ్మా" అంటూ లిల్లీ దూదితో అద్దింది. అద్దుతూ తనూ తుడుచుకుంది. నేను నోరు కుడివైపుకు తిప్పడం సాధ్యమా అని ప్రయత్నిస్తూ నిలబడ్డాను.

"మరి ఈ ఏడ్చేవాడెవరు?"

"ఏడ్చుడెక్కడిదే. కొమురయ్య చిన్నాయిన. నాయిన కథ మొదలువెడ్తే నవ్వాపుకోలేక తువ్వాల నోట్లె కుక్కుకునేటోడు. సైకిల్ మీద నన్ను తీస్కపోయినప్పుడల్లా నాకు పుట్నాలు పెట్టేటోడు."

"మీసాలాయన?"

"వాడెవడో. ఫొటో అంటే వచ్చి కూసున్నట్టున్నడు."

రాజవ్వకు ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాను. ఎవరెవరో చెప్పాను.

"తువ్వాలోడా? నేను మీసాలాయన అనుకుంటి గద." అవతల మంచం కిర్రుమంది, కూర్చున్నట్టుంది. "మా ఇంటాయన సుత నవ్వొస్తే గట్లనే తువ్వాల అడ్డం పెట్టుకునేటోడు బిడ్డా. ఇన్నేండ్లు నాకు తట్టలె చూడు."

"ఇక నుంచి మీ మామకొక్కడికే బొట్టు పెడితే సరిపోతుంది రాజవ్వా, కుంకుమ మిగులుతుంది."

"గదేం మాట. ఇన్నేండ్లు పెట్టి, ఇప్పుడు మీరు మావోళ్లు కాదని చెప్పాల్నా? నలుగురికి పెడ్త. గా మీసాలోనికి సుత."

నేను భయంభయంగా అత్త వైపు చూశాను. ఆమె వేలు అద్దం మీద కుంకుమను దాటి, దాని చుట్టూ కనిపిస్తున్న తండ్రి నుదుటి మీద తిరుగుతోంది. ఫోన్ దగ్గరికి వంగింది.

"రాజవ్వా, మా నాయినకు జర పెద్దగ పెట్టు. నుదురు పెద్దది."